బొల్లికి లైటు ఇంట్లో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. రెండేళ్ల క్రితం మోకాలి మీద చిన్న తెల్లమచ్చ వచ్చింది. ఇప్పుడు రెండు మోకాళ్ల మీద, నోటి పక్కన, ఎడమ కంటి రెప్ప మీద, వేళ్ల చివర్లలో ఉన్నాయి. స్కిన్ డాక్టరు గారు బొల్లి అని చెప్పి, పూత మందుతో పాటు వారానికి మూడు రోజులు లైట్లు పెట్టించమన్నారు. కాలేజీ అయ్యాక జగదాంబ దాకా వెళ్లి వచ్చేసరికి రాత్రి అవుతోంది. నెలన్నరలో తొమ్మిది సిట్టింగులే అయ్యాయి. మార్పేమీ కనబడలేదు. ఆన్‌లైన్‌లో నాలుగు వేలకు చేత్తో పట్టుకునే లైటు మెషీన్ ఉంది. బొల్లి, సొరియాసిస్, మొటిమలు, జుట్టు రాలడం అన్నిటికీ పనిచేస్తుందని రాశారు. కొనొచ్చా? లైట్ల వల్ల కేన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? మా అత్తగారు పిల్లకి చేపలు మాన్పించేశారు. చుట్టాలు చెప్పారని బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెడితే మోకాలు బొబ్బలెక్కింది. పెళ్లీడు వచ్చేలోగా తగ్గుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా,

ఆ నాలుగు వేల మెషీన్ కొనకండి. ఇంట్లోనే లైటు పెట్టుకోవాలన్న మీ ఆలోచన మాత్రం మంచిదే, దాన్ని వదులుకోవద్దు. సరైన మెషీన్ దొరికి, మీ డాక్టరు గారు ఒప్పుకుంటే ఇంట్లో చేసుకోవచ్చు. ఆ తేడా ఎక్కడుందో చెబుతాను.

చర్మ వైద్యంలో లైటు ఒక మందు. మందుకి పేరూ మోతాదూ ఉన్నట్టే లైటుకీ ఉంటాయి. దాని పేరు నానోమీటర్లలో, అంటే కిరణం అల పొడవు కొలతలో ఉంటుంది. మీ అమ్మాయికి పెడుతున్నది బహుశా నారోబ్యాండ్ యూవీబీ, అంటే 311 నానోమీటర్ల దగ్గర ఉండే అతినీలలోహిత (యూవీ) కిరణం. కొన్ని చిన్న మచ్చలకు ఎక్సైమర్ అనే మెషీన్ వాడతారు, అది 308. మొటిమలకు వాడే నీలం లైటు 415 దగ్గర ఉంటుంది. మొటిమల్లోని బాక్టీరియా తయారుచేసే పోర్ఫిరిన్ అనే పదార్థం ఆ నీలాన్ని పీల్చుకుంటుంది, దాంతో ఆ బాక్టీరియాయే చనిపోతుంది. పుట్టగానే పచ్చకామెర్లు వచ్చిన పసిబిడ్డను పెట్టే నీలం లైటు 460 దగ్గర ఉండేది. మీ పాపను కూడా పెట్టారేమో గుర్తు చేసుకోండి, చాలామంది బిడ్డలను పెడతారు. బిడ్డ చర్మంలో చేరిన పసుపు పదార్థాన్ని అది శరీరం సులువుగా బయటికి పంపగలిగే రూపంలోకి మారుస్తుంది. ఎంతోమంది బిడ్డలను కాపాడిన ఆ లైటే బొల్లి మచ్చ మీద పెడితే ఏమీ చేయదు. అందుకే ఒకే మెషీన్ బొల్లికీ, మొటిమలకీ, జుట్టుకీ పనిచేస్తుందని ఎవరైనా రాశారంటే, వాళ్లు దేనికీ కొలిచి తయారుచేయలేదని అర్థం.

ఇంకో సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. యూవీ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. నీళ్ల ఫిల్టర్‌లో ఉండేదీ యూవీ దీపమే. అది 254 నానోమీటర్లది, క్రిముల్ని చంపడానికి పెట్టింది. దాన్ని మచ్చ మీద పెడితే చర్మం కాలుతుంది. కంట్లో పడితే కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. దొంగనోట్లు పట్టే టార్చ్, గోళ్ల రంగు ఆరబెట్టే దీపం కూడా యూవీ పేరుతోనే అమ్ముతారు, కానీ వాటి కిరణం వేరు. పెట్టె మీద నానోమీటర్లు రాయని మెషీన్‌లో ఏ దీపం పెట్టారో బయటినుంచి చూసి చెప్పలేం, రంగు చూసి అసలే చెప్పలేం.

ఇప్పుడు ఆ తొమ్మిది సిట్టింగుల విషయం. నెలన్నరలో పద్దెనిమిది అవ్వాలి, సగమే అయ్యాయి. పద్దెనిమిది అయినా సరే, ఇంత త్వరగా మార్పు లేదని అనుకోకూడదు. బొల్లిలో ఈ లైటు పనిచేయలేదని తేల్చడానికి కనీసం 72 సిట్టింగులు చూడాలని ఈ వ్యాధి మీద పనిచేసే నిపుణులు చెబుతారు. వారానికి మూడు చొప్పున లెక్కేస్తే దాదాపు ఆరు నెలలు. సొరియాసిస్ అయితే సాధారణంగా 20 నుంచి 36 సిట్టింగుల్లో పొలుసులు తగ్గుతాయి. బొల్లికి అంతకన్నా ఎక్కువ ఓపిక కావాలి. వారానికి మూడు కుదరకపోతే రెండు చేసినా పనిచేస్తుంది, కాకపోతే నిదానంగా. ఒక వారం మూడు చేసి, తర్వాత పది రోజులు మానేసి, మళ్లీ రెండు చేస్తే మాత్రం లాభం లేదు. మీ ఇంటికి దగ్గర్లో, గాజువాకలోనో ఎన్ఏడీ వైపో లైట్ ట్రీట్‌మెంట్ ఉన్న క్లినిక్ ఉందేమో మీ డాక్టరు గారినే అడగండి. వేరే చోటికి వెళితే ఆయన ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. సిట్టింగులు సరిగ్గా జరగడమే ఆయనకూ కావాలి.

లైటు పెట్టగానే రంగు ఎందుకు రాదో తెలిస్తే ఎదురుచూడటం కొంచెం తేలికవుతుంది. బొల్లిలో మన ఒంట్లోని రక్షణ కణాలే దారి తప్పి, చర్మానికి రంగునిచ్చే కణాల మీద దాడి చేస్తాయి. 311 లైటు రెండు పనులు చేస్తుంది. ఆ దాడిని చల్లబరుస్తుంది. వెంట్రుక కుదురులో దాగి ఉన్న రంగు కణాల మూలకణాలను లేపి పైకి రప్పిస్తుంది. అందుకే మచ్చ మధ్యలో, వెంట్రుకల చుట్టూ మిరియాల పొడి చల్లినట్టు గోధుమరంగు చుక్కలు ముందు కనిపిస్తాయి. తర్వాత అవి పెరిగి కలుస్తాయి. మోకాళ్ల దగ్గర ఆ చుక్కల కోసం చూడండి. అవి కనబడ్డ రోజు నాకు మళ్లీ ఉత్తరం రాయండి.

వేళ్ల చివర్లలో వెంట్రుకలే లేవు, కాబట్టి పైకి రావడానికి కణాలూ లేవు. ఈ మాట మీకు ముందే చెప్పడం నా బాధ్యత. 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, లైటు పెట్టించుకున్నవారిలో ముఖం, మెడ మీద మచ్చల్లో ముప్పావు వంతుకు పైగా రంగు తిరిగొచ్చినవాళ్లు సుమారు 44 శాతం మంది. చేతులు, పాదాల మీద అంత బాగా వచ్చినవాళ్లు లెక్కలో ఒక్కరూ లేరు. అంటే నోటి పక్కన, రెప్ప మీద మంచి ఆశ పెట్టుకోవచ్చు. మోకాళ్ల మీద కొంత. వేళ్ల మీద ఆశ పెట్టుకుని, అక్కడ రాలేదని మొత్తం వైద్యమే మానేయకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు అదే. పొద్దున్న లేచి చూసుకునేది చేతులనే కదా, అందుకని ముఖం బాగుపడుతున్నా కంటికి ఆనదు.

ఇంట్లో వాడే మెషీన్ల సంగతికి వద్దాం. బ్రిటన్‌లో 517 మంది బొల్లి రోగులతో చేసిన పరిశీలన ఒకటి ఉంది. చేత్తో పట్టుకునే నారోబ్యాండ్ యూవీబీ మెషీన్లు ఇంటికి ఇచ్చి, తొమ్మిది నెలలు వాడించారు. ఆ తర్వాత మచ్చ ఇదివరకటికన్నా బాగా తగ్గిందని రోగులే చెప్పిన లెక్క ఇది: పూత మందు ఒక్కటే వాడినవారిలో 17 శాతం, లైటు ఒక్కటే అయితే 22, రెండూ కలిపితే 27. పెద్ద అంకెలు కావు, నాకు తెలుసు. కానీ ఇవి నిజాయితీగా చెప్పిన అంకెలు. ఆన్‌లైన్‌లో "30 రోజుల్లో మాయం" అని చదివినప్పుడు ఈ 27ని గుర్తు తెచ్చుకోండి. ఆ పరిశీలనలోనే, చెప్పిన సిట్టింగుల్లో ఎక్కువ భాగం మానకుండా చేసినవాళ్లకు ఫలితం ఇంకా మెరుగ్గా వచ్చింది. సొరియాసిస్‌లోనూ ఇంట్లో పెట్టుకున్న లైటు ఆసుపత్రిలో పెట్టినదానికి తీసిపోలేదని 2009లో నెదర్లాండ్స్ వైద్యులు చూపించారు. కాబట్టి ఇంట్లో లైటు అనేది మోసం కాదు. ఏ దీపం, ఎంతసేపు అన్నదే ప్రశ్న.

దీపం ఏదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. బొల్లికి, సొరియాసిస్‌కి వాడే నారోబ్యాండ్ దీపాల్లో ఎక్కువమందికి తెలిసినవి ఫిలిప్స్ వారివి. చేతి మెషీన్‌లో ఉండే చిన్న దీపం మీద 9 వాట్లు అని ఉండి, పక్కన గీత గీసి 01 అని ఉంటుంది. ఆ 01 ముఖ్యం. అదే ఆకారంలో 12 అని, 10 అని కూడా దీపాలు ఉంటాయి. 12 అంటే బ్రాడ్‌బ్యాండ్ యూవీబీ, చర్మాన్ని త్వరగా కాలుస్తుంది. 10 అంటే యూవీఏ, అది వేరే రకం యూవీ కిరణం. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఇప్పుడు మందుల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ కిందికి వస్తాయి, కాబట్టి లేబుల్ మీద తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు ఉండాలి. దానంతటదే ఆగిపోయే టైమర్, చర్మానికీ దీపానికీ మధ్య ఎప్పుడూ ఒకే దూరం ఉంచే దువ్వెన లాంటి అమరిక, యూవీ కళ్లజోడు కూడా ఉండాలి. ఇవి లేని మెషీన్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంది. మోతాదును చదరపు సెంటీమీటరుకు మిల్లీజౌల్స్‌లో రాస్తారు. బొల్లికి సాధారణంగా 200తో మొదలుపెట్టి, ప్రతి సిట్టింగుకీ 10 నుంచి 20 శాతం పెంచుకుంటూ వెళతారు. దీపం చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీవాట్ల శక్తి ఇస్తోందనుకోండి, 200 మిల్లీజౌల్స్ చేరడానికి 50 సెకన్లు పడుతుంది. అదే దీపం పాతబడి 3 మిల్లీవాట్లకు పడిపోతే 67 సెకన్లు. ఇంకో రెండు అంగుళాలు దూరంగా పట్టుకుంటే మళ్లీ లెక్క మారిపోతుంది. మీరు కొనే మెషీన్ ఎన్ని మిల్లీవాట్లు ఇస్తుందో కంపెనీ వాళ్లు చెప్పలేకపోతే డాక్టరు గారు సెకన్లు రాసివ్వలేరు.

నేను పీజీ చదివే రోజుల్లో, ఒక ఆసుపత్రిలో పాత దీపాలు తీసేసి కొత్తవి వేశారు. మోతాదు చీటీలు మాత్రం మార్చలేదు. పాత దీపాలకు రాసిన నిమిషాలే కొత్తవాటికీ పెట్టారు. మర్నాడు ఐదారుగురు ఒళ్లంతా ఎర్రగా కందిపోయి వచ్చారు. వాళ్లలో ఒకావిడ ఆ తర్వాత లైటు అంటేనే భయపడి మానేసింది. ఆవిడ మచ్చలు అప్పటికే తగ్గుతూ వస్తున్నాయి. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే మీకు దీపం మార్చినప్పుడల్లా మోతాదు తగ్గించి మొదలుపెట్టాలని మరీ మరీ చెబుతున్నాను.

కాబట్టి ఇలా చేయండి. ముందు క్లినిక్‌లోనే ఇంకొన్ని సిట్టింగులు వరసగా పూర్తి చేయించి, మీ అమ్మాయి చర్మం ఎంత తట్టుకుంటుందో డాక్టరు గారిని చూడనివ్వండి. మెషీన్ కొనే ముందు దాని వివరాలు ఆయనకు చూపించండి. కొన్నాక మెషీన్‌నే తీసుకెళ్లి మొదటిసారి ఆయన ఎదుటే పెట్టించండి. ఇంట్లో ఒక నోటుబుక్కులో తేదీ, సెకన్లు, మర్నాడు చర్మం ఎలా ఉందో రాయండి. మచ్చ మర్నాడు లేత గులాబీ రంగులో ఉండి, 24 గంటల్లో పోతే మోతాదు సరిపోయినట్టు. 24 గంటలు దాటినా గులాబీ రంగు ఉంటే తర్వాతి సిట్టింగులో పెంచొద్దు. నొప్పి, బొబ్బ వస్తే ఆపేసి డాక్టరుకు చూపించండి. పరీక్షలొచ్చి సిట్టింగులు తప్పిపోతాయి, అది మామూలే. నాలుగు నుంచి ఏడు రోజులు తప్పితే పాత మోతాదే పెట్టాలి. రెండు వారాల దాకా అయితే పావు వంతు తగ్గించాలి, మూడు వారాల దాకా అయితే సగం. అంతకన్నా ఎక్కువైతే మళ్లీ మొదటి నుంచి. ఎగ్గొట్టిన రోజులకి కలిపి ఒకేసారి ఎక్కువసేపు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

లైటుకు ముందు నూనె, క్రీము, సన్‌స్క్రీన్ ఏదీ రాయకూడదు. పూత మందు లైటు అయ్యాకే. లైటు పెట్టిన రోజు ఎండలో ఎక్కువ తిరగొద్దు. విశాఖ ఎండ మేఘం పట్టిన రోజు కూడా చర్మాన్ని కాల్చగలదు, సముద్రపు గాలి చల్లగా తగులుతుంది కాబట్టి తెలియదు. బీచ్‌కి వెళితే సాయంత్రం వెళ్లండి. మీ అమ్మాయి మొటిమలకు డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలేమైనా వాడుతోందా? వాడుతుంటే తప్పక చెప్పాలి, కొన్ని మందులు వెలుగుకు చర్మాన్ని మరీ సున్నితం చేస్తాయి.

బావంచాల విషయంలో మీ చుట్టాల మాట పూర్తిగా గాలికి పోయేది కాదు. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అదే జాతి పదార్థాన్ని ఈజిప్టులో పెరిగే ఒక మొక్క నుంచి తీసి, 1940ల్లో కైరోలో ఎల్ మోఫ్టీ అనే వైద్యుడు బొల్లికి వాడారు. తర్వాత దాన్ని యూవీఏ లైటుతో కలిపి పూవా అనే వైద్యంగా మార్చారు, నారోబ్యాండ్ వచ్చేదాకా అదే ప్రధాన వైద్యం. మన పెద్దలకు ఈ గింజ సంగతి ఎప్పుడో తెలుసు. నూనెలో సొరాలెన్ ఎంతుందో, ఆ మధ్యాహ్నం ఎండ ఎంతుందో కొలవలేకపోవడమే ప్రమాదం. మీ పాప మోకాలికి జరిగింది అదే. బొల్లి ఉన్నవాళ్లకు కాలినచోట, గీసుకుపోయినచోట కొత్త మచ్చ లేచే గుణం ఉంటుంది. ఆ నూనె మళ్లీ రాయకండి, లైటు పెట్టే రోజుల్లో అసలే వద్దు.

కేన్సర్ భయం కూడా ఆ పూవా నుంచే వచ్చింది. తెల్లజాతి సొరియాసిస్ రోగుల్లో, చాలా ఎక్కువ సిట్టింగులు అయినవారిలో చర్మ కేన్సర్ పెరగడం నిజం. నారోబ్యాండ్ వేరు. కొరియాలో 60 వేల మందికి పైగా బొల్లి రోగుల రికార్డులు చూసి 2020లో రాసిన నివేదికలో, దాని వల్ల చర్మ కేన్సర్ పెరిగినట్టు కనబడలేదు. 200 సిట్టింగులు దాటినవారిలో మాత్రం గరుకు మచ్చలు ఎక్కువ కనిపించాయి; అవి కేన్సర్ కావు గానీ, కొన్ని ముందుముందు కేన్సర్‌గా మారవచ్చు. అందుకే మొత్తం సిట్టింగుల లెక్క ఆ నోటుబుక్కులో ఉండాలి, ఏడాదికోసారి డాక్టరు ఒళ్లంతా చూడాలి. ఇంట్లో ఎవరికైనా లూపస్ (ఒంట్లోని రక్షణ కణాలే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ఉందా, ఎండ అసలు పడని జబ్బుందా అని ముందే చెప్పండి.

చేపలకూ బొల్లికీ సంబంధం లేదు. పాలు, పెరుగుతో కలిపి తిన్నా లేదు. వైజాగ్‌లో పుట్టి పెరిగిన పిల్లకు వంజరం, నెత్తళ్లు దూరం చేస్తే మంచి మాంసకృత్తులు పోవడం తప్ప మచ్చకు ఒరిగేదేమీ ఉండదు. పైగా ఇంట్లో అందరూ తింటుంటే తన కంచంలోనే లేకపోవడం ఆ వయసు పిల్లకు శిక్షలా తోస్తుంది. మీ అత్తగారు ప్రేమతోనే చేశారు. ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి, ఆ మాట ఆయన నోట వింటే ఒప్పుకుంటారు. బొల్లి అంటుకోదని, కుష్ఠుతో దానికి ఏ సంబంధమూ లేదని కూడా అప్పుడే చెప్పించండి. కుష్ఠు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ గిచ్చితే మామూలుగానే నొప్పి తెలుస్తుంది.

థైరాయిడ్ పరీక్ష చేయించారో లేదో రాయలేదు. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ తేడాలు ఎక్కువ కనిపిస్తాయి, ఒకసారి చూపించండి. ఖర్చు ఇబ్బందైతే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ చర్మవ్యాధుల ఓపీలో అడగవచ్చు. రంగు వచ్చాక లైటు ఆపేస్తే, ఏడాదిలో పదిమందిలో నలుగురికి మళ్లీ తెల్లబడుతుంది. టాక్రోలిమస్ అనే పూతను వారానికి రెండుసార్లు కొనసాగించినవారిలో, ఆరు నెలల పరిశీలనలో, అది పదిమందిలో ఒకరికి తగ్గింది. ఈ విషయం ముందే అడిగి పెట్టుకోండి.

పెళ్లి గురించి అడిగారు. మీ భయం నాకు అర్థమవుతుంది, మన ఇళ్లలో ఆ మాట ఎంత బరువుగా పడుతుందో తెలుసు. కానీ 16 ఏళ్ల పిల్ల వైద్యానికి పెళ్లిని గడువుగా పెట్టకండి. గడువు పెట్టిన ఇళ్లలోనే ఆరు నెలలకు డాక్టర్లను మారుస్తారు, మోతాదు పెంచమని బతిమాలతారు, ఆ నాలుగు వేల మెషీన్లు కొంటారు. ఆ అమ్మాయి వినేలా ఇంట్లో ఆ మాట అనకుండా ఉంటే చాలు, అది కూడా వైద్యంలో భాగమే అనుకోండి.

ఇక నువ్వు, తల్లీ. అమ్మ ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో "రెప్ప మీద మచ్చ ఉంది కదా, కళ్లజోడు పెట్టుకుంటే అక్కడ లైటు పడదు, ఎలా?" అని రాశావు. మంచి ప్రశ్న, చాలామంది పెద్దవాళ్లు కూడా అడగరు. డాక్టరు ఒప్పుకుంటే, రెప్ప మీద లైటు పెట్టే ఆ కొద్ది సెకన్లు మాత్రమే కళ్లజోడు తీసి, కళ్లు గట్టిగా కాకుండా మామూలుగా మూసుకుని ఉండవచ్చు. మూసిన రెప్ప చర్మమే ఆ కిరణాన్ని దాదాపు ఆపేస్తుంది. మధ్యలో కళ్లు తెరవకూడదు, అందుకని మెషీన్ నీ చేతిలో కాకుండా అమ్మ చేతిలో ఉండాలి, టైమర్ మోగి దీపం ఆరాకే కళ్లు తెరవాలి. మొదటి రెండు మూడు సార్లు ఇది క్లినిక్‌లోనే చేయించుకో. అద్దంలో చూసి, ఆ మచ్చ దగ్గర రెప్ప వెంట్రుకలు నల్లగా ఉన్నాయా, తెల్లబడ్డాయా అని డాక్టరుకు చెప్పు. నల్లగా ఉంటే రంగు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఈ వారమే ఒక ఫోటో తీయించుకో, రెండు నెలల తర్వాత అదే కిటికీ పక్కన, అదే వేళకి ఇంకోటి.